80 ఆటల వేటు, 86 ఓటములు

అమెరికా బేస్‌బాల్ జట్టు అట్లాంటా బ్రేవ్స్ 2025 సీజన్ ముచ్చట వస్తే చాలు, అందరి నోటా ఒకటే మాట: "ప్రోఫార్ నిషేధిత మందు వాడి దొరికిండు, సీజన్ మునిగింది." కొడుకో బిడ్డో అట్లాంటాలో ఉన్న ఇళ్లు హనుమకొండ, కాజీపేటల్లో వాడకు కొన్ని ఉంటాయి కాబట్టి ఈ లొల్లి సముద్రం దాటి ఇక్కడికీ వచ్చింది. అక్కడ రాత్రి 7.15కు మొదలయ్యే ఆట మనకు తెల్లవారుజామున 4.45కు వస్తుంది. అంత పొద్దున లేచి చూసినవాళ్లకు కోపం రావడంలో తప్పులేదు. కానీ ఆ కోపం పోవాల్సిన చోటికి పోవడం లేదు. మందు కథ వేరు, సీజన్ మునిగిన కథ వేరు. రెంటినీ కలిపితే రెండూ అర్థం కావు.

ముందు జరిగింది చూద్దాం. జూరిక్సన్ ప్రోఫార్‌ను బ్రేవ్స్ మూడేండ్లకు 4.2 కోట్ల డాలర్లకు తీసుకుంది. సీజన్ మొదలై నాలుగు ఆటలు అయ్యాయో లేదో, 2025 మార్చి 31న ప్రకటన వచ్చింది: పరీక్షలో హెచ్‌సీజీ అనే నిషేధిత హార్మోన్ దొరికింది, 80 ఆటలు జీతం లేకుండా బయట, ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే ఆటలకు) అర్హత లేదు. బ్రేవ్స్ తొలి ఏడు ఆటలూ ఓడింది. చివరికి 76 గెలుపులు, 86 ఓటములు, డివిజన్‌లో నాలుగో స్థానం. 2018 నుంచి వరసగా ఏడేండ్లు ప్లేఆఫ్స్ ఆడిన జట్టు ఇంటికి పోయింది.

ఇక్కడే ఒక చిన్న విషయం చాలామంది మరిచిపోతారు. ఆ ఏడు ఓటముల్లో మొదటి నాలుగు శాన్ డియాగోలో. అప్పటికి వేటు పడలేదు, ప్రోఫార్ జట్టులోనే ఉన్నాడు. అతనుండగా నాలుగు పోయాయి, లేకుండా లాస్ ఏంజిలిస్‌లో మూడు పోయాయి.

ఇక లెక్క. బేస్‌బాల్‌లో 'వార్' అనే అంకె ఒకటుంది. మైనర్ లీగ్ నుంచి అప్పటికప్పుడు పట్టుకొచ్చే మామూలు ఆటగాడి కన్నా ఫలానా ఆటగాడు జట్టుకు ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడో చెప్పే అంచనా అది. నూటికి నూరు పాళ్లు కచ్చితం కాదు, లెక్కగట్టే సైట్‌ను బట్టి కొంచెం మారుతుంది. ప్రోఫార్‌కు తన జీవితంలోనే బెస్ట్ సీజన్ 2024: శాన్ డియాగో తరఫున 158 ఆటలు, .280 బ్యాటింగ్ సగటు, 24 హోం రన్లు (బంతిని మైదానం దాటించే దెబ్బలు). అప్పుడు అతని వార్ నాలుగుకు అటూఇటూ. అంటే మొత్తం సీజన్ అదే ఊపులో ఆడితే నాలుగు గెలుపులు. 80 ఆటలంటే సీజన్‌లో సగం, కాబట్టి రెండు గెలుపులు. అతని స్థానంలో ఆడినవాళ్లు మామూలు కన్నా తక్కువగా ఆడారు అనుకుందాం, నిజంగానే అలా ఆడారు కూడా. మార్చిలో హడావిడిగా తెచ్చుకున్న అలెక్స్ వెర్డూగో ఒక్క హోం రన్ కూడా కొట్టకుండానే జులై 2న బయటికి పోయాడు, ప్రోఫార్ తిరిగొచ్చిన రోజే. ఆ నష్టమూ కలుపుకుంటే మూడు గెలుపులు అనుకోండి. బ్రేవ్స్ ఆడే నేషనల్ లీగ్‌లో చివరి వైల్డ్ కార్డ్, అంటే ప్లేఆఫ్స్‌కు చివరి చోటు, 83 గెలుపుల దగ్గర తెగింది. బ్రేవ్స్‌కు ఏడు తక్కువ పడ్డాయి. ఏడులో మూడు పోతే ఇంకా నాలుగు ఎవరి పద్దులో రాయాలి?

పిచర్ల (బంతి విసిరేవాళ్ల) పద్దులో. రేనాల్డో లోపెజ్ ఒక్క ఆట వేసి భుజం నొప్పితో సీజన్‌కు దూరమయ్యాడు. ఏజే స్మిత్ షావర్‌కు మోచేతి సర్జరీ. క్రిస్ సేల్‌కు జూన్‌లో పక్కటెముకలు విరిగాయి. స్పెన్సర్ ష్వెలెన్‌బాక్‌కు మోచేతి ఎముక చిట్లింది. గ్రాంట్ హోమ్స్ కూడా మోచేతితోనే ఆగిపోయాడు. స్పెన్సర్ స్ట్రైడర్ సర్జరీ తర్వాత వచ్చాడు గానీ పాత వేగం రాలేదు. ఐదుగురు స్టార్టింగ్ పిచర్లు వంతులవారీగా వేసే ఆటలో ఐదు వంతులూ ఖాళీ అయితే, ఆరో వాడు, ఏడో వాడు, అట్లా పదిహేనో వాడి దాకా దిగాల్సి వస్తుంది. ఒక స్టార్టర్ నాలుగు ఇన్నింగ్స్‌కే దిగిపోతే మిగిలిన ఐదు ఇన్నింగ్స్ రిలీవర్లు (మధ్యలో దిగే పిచర్లు) లాగాలి. ఇవాళ అలిసిన రిలీవర్ రేపు ఏడో ఇన్నింగ్స్‌లో దెబ్బతింటాడు. ఈ గొలుసు స్కోర్‌కార్డులో కనబడదు, అందుకే తిట్టడానికి ప్రోఫార్ సులువుగా దొరికాడు.

ఇదే కథ ఇంకో రూపంలో 2023లో శాన్ డియాగో పాడ్రెస్‌ది. అది ఇంకా రుచికరమైన కేసు, ఎందుకంటే ఇక్కడ అభిమాని కోపానికి కొంత ఆధారం ఉంది. ఫెర్నాండో తాతీస్ జూనియర్ 2022 ఆగస్టు 12న క్లోస్టెబాల్ అనే స్టెరాయిడ్‌తో పట్టుబడ్డాడు. 80 ఆటల వేటు ఎట్లా గడిచిందో చూడండి: ఆ సీజన్‌లో మిగిలినవి 48. జట్టు అతను లేకుండానే ప్లేఆఫ్స్‌కు పోయి 12 ఆటలు ఆడింది, అవీ లెక్కలోకి వచ్చాయి. అక్కడికి 60. మిగిలిన 20 ఆటలు 2023 మొదట్లో. ఏప్రిల్ 20న దిగాడు. జట్టు ప్లేఆఫ్స్‌లో ఎంత దూరం పోతే వేటు పడినవాడికి అంత తొందరగా విడుదల, ఈ మెలిక చాలామందికి తెలియదు.

ఆ 2023 సీజన్‌లో పాడ్రెస్ 82 గెలిచి 80 ఓడింది, రెండు గెలుపుల తేడాతో ప్లేఆఫ్స్ తప్పాయి. "ఆ 20 ఆటలు తాతీస్ ఉంటే?" అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. అంత పెద్ద ఆటగాడైనా 20 ఆటల్లో ఒక గెలుపు కన్నా ఎక్కువ తేలేడు. అసలు రోగం వేరే చోట ఉంది. ఆ ఏడాది పాడ్రెస్ ప్రత్యర్థుల కన్నా 104 పరుగులు ఎక్కువ చేసింది. అన్ని పరుగుల ఆధిక్యం ఉన్న జట్టు మామూలుగా 92 దాకా గెలుస్తుంది. కానీ ఒక్క పరుగు తేడాతో తేలిన ఆటల్లో 9 గెలిచి 23 ఓడింది. అదనపు ఇన్నింగ్స్‌కు పోయిన 14 ఆటల్లో గెలిచింది రెండే. గెలిచినప్పుడు పది పరుగులతో, ఓడినప్పుడు ఒక్క పరుగుతో. ఇందులో సగం దురదృష్టం, సగం చివరి ఇన్నింగ్స్‌లో అవసరమైన ఒక్క దెబ్బ కొట్టలేని బ్యాటింగ్. డోపింగ్‌కు ఇందులో వాటా దాదాపు సున్నా.

దీనికి పూర్తి విరుద్ధం 2012 శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్. మెల్కీ కాబ్రెరా ఆ ఏడాది ఆల్ స్టార్ ఆటలో ఉత్తమ ఆటగాడు, .346 సగటుతో లీగ్‌లో ముందు వరసలో ఉన్నాడు. ఆగస్టులో టెస్టోస్టెరాన్ దొరికి 50 ఆటల వేటు. జెయింట్స్ అతను లేకుండానే పోయి ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ 4-0తో గెలిచింది. మధ్యలో అతని వేటు ముగిసినా వెనక్కి పిలవలేదు. బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అత్యధిక సగటుకు దక్కేది) ముచ్చట ఇంకా తమాషా: టైటిల్‌కు 502 సార్లు బ్యాటింగ్‌కు వచ్చి ఉండాలి, అతనివి 501. ఒకటి తక్కువైతే ఒక అవుట్ కలిపి లెక్క చూసే నిబంధన ఉంది, అట్లా చూసినా అతనే ముందు. చివరికి కాబ్రెరాయే తనకు ఆ నిబంధన వర్తింపజేయొద్దన్నాడు, ఆ ఒక్క సీజన్‌కు దాన్ని పక్కనపెట్టారు. టైటిల్ .336తో అదే జట్టు క్యాచర్ బస్టర్ పోసీకి పోయింది.

మరి కోపం ఎవరి మీద పడాలి? నా దృష్టిలో మొదటిది పైసల మీద. వేటు పడిన రోజుల జీతం ఆటగాడికి రాదు, మరి ఆ డబ్బు ఎటు పోతుంది? క్లబ్ దగ్గరే ఉండిపోతుంది. లగ్జరీ ట్యాక్స్ (జట్టు జీతాల మొత్తం పరిమితి దాటితే కట్టే పన్ను) లెక్కలోనూ ఆ మేరకు తగ్గుతుంది. 2020 నవంబర్‌లో న్యూయార్క్ మెట్స్ ఆటగాడు రాబిన్సన్ కనో రెండోసారి దొరికాడు, 2021 సీజన్ మొత్తం పోయింది. అతను పోగొట్టుకున్నది దాదాపు 2.4 కోట్ల డాలర్లు, అందులో పెద్ద వాటా మెట్స్ భరించాల్సింది. వయసు మళ్లిన ఆటగాడి బరువు దిగిన ఆ చలికాలమే మెట్స్ ఫ్రాన్సిస్కో లిండోర్‌ను తెచ్చుకుంది. వేటు క్లబ్‌కు శిక్ష అని ఎవరన్నా అంటే ఈ ఉదాహరణ చెప్పండి. సీజన్ టికెట్ కొన్న అభిమానికి మాత్రం ఒక్క డాలర్ వెనక్కి రాదు. అట్లాగని క్లబ్ ఒప్పందాన్ని రద్దు చేసుకోనూలేదు: లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందంలో శిక్షలు ముందే రాసి ఉన్నాయి, వాటి మీద క్లబ్ ఇంకోటి కలపడానికి లేదు.

రెండోది శిక్ష కొలత. 2003లో బేస్‌బాల్ లీగ్ పేర్లు బయటపెట్టకుండా సర్వే పరీక్షలు చేసింది. పాజిటివ్‌లు 5 శాతం దాటితే పక్కా పరీక్షలు పెడతామన్నారు, దాటింది, పెట్టారు. 2005లో మొదటి తప్పుకు 10 రోజులు. నవ్వొస్తుంది కానీ నిజం. 2006 నుంచి మొదటి, రెండో, మూడో తప్పులకు వరసగా 50 ఆటలు, 100 ఆటలు, జీవితకాలం. 2014 నుంచి 80, 162, జీవితకాలం, దాంతోపాటు ఆ ఏడాది ప్లేఆఫ్స్ నిషేధం. మూడోసారి దొరికి జీవితకాల వేటు తిన్న మొదటివాడు మెట్స్ పిచర్ హెన్రీ మెహియా, 2016లో. 2018లో అతన్నీ మళ్లీ రానిచ్చారు.

ఈ 80 ఆటలను మన దగ్గరి శిక్షతో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మన అథ్లెట్లు వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నియమావళి కింద ఉంటారు. అనబాలిక్ స్టెరాయిడ్ లాంటిది దొరికి, తెలియక జరిగిందని నిరూపించుకోలేకపోతే నాలుగేండ్లు. స్ప్రింటర్ ద్యుతీ చంద్‌కు 2023 జనవరి నుంచి పడింది అదే. అమెరికాలో కోట్ల డాలర్ల ఒప్పందం ఉన్నవాడు ఏప్రిల్‌లో పోయి జులైలో వస్తాడు. ఇక్కడ రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఆశపెట్టుకున్న పిల్లకు 20 నుంచి 24 ఏండ్ల వయసు మొత్తం పోతుంది. అమెరికా నిబంధనలో నిజంగా నొప్పించేది ప్లేఆఫ్స్ నిషేధం ఒక్కటే అని నా అభిప్రాయం. అదొక్కటి లేకపోతే 80 ఆటలను చాలామంది ఖర్చు కింద రాసుకునేవాళ్లు.

మూడో కోపం అన్నింటికన్నా లోతైనది, దానికి మందు లేదు. ప్రోఫార్ 2023లో కొలరాడో తరఫున ఎంత పేలవంగా ఆడాడంటే ఆగస్టులో వదిలేశారు. 2024లో పది లక్షల డాలర్ల చిన్న ఒప్పందంతో పాడ్రెస్‌కు వచ్చి ఆల్ స్టార్ అయ్యాడు. 2025లో దొరికాడు. 2024లో వాడాడని చెప్పే పరీక్ష ఫలితం ఏదీ లేదు. కానీ ఆ 24 హోం రన్లకు చప్పట్లు కొట్టినవాడు ఇప్పుడు వాటిని ఏం చేసుకోవాలి? బ్యారీ బాండ్స్ 762 హోం రన్లు కొట్టి కూడా హాల్ ఆఫ్ ఫేమ్ (ఆల్‌టైమ్ గొప్ప ఆటగాళ్ల జాబితా) ఓటింగ్‌లో పదేండ్లూ 75 శాతం గీత దాటలేకపోయింది ఈ అనుమానం వల్లే. చివరి ఏడాది 2022లో అతనికి వచ్చింది 66 శాతం.

వేటు వార్త వచ్చినప్పుడు చాలామంది ఎన్ని ఆటలో చూసి వదిలేస్తారు. మందు పేరు చదవాలి, అసలు కథ అందులో ఉంటుంది.

హెచ్‌సీజీ గర్భిణుల్లో తయారయ్యే హార్మోన్. సంతాన సాఫల్య కేంద్రాల్లో ఇంజెక్షన్‌గా వాడేది ఇదే. మగవాళ్లలో ఇది వృషణాలను తట్టి లేపి టెస్టోస్టెరాన్ తయారు చేయిస్తుంది. బయటి నుంచి స్టెరాయిడ్ తీసుకున్నప్పుడు శరీరం సొంత తయారీ ఆపేస్తుంది, దాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి హెచ్‌సీజీ వాడతారు. అందుకే ఇది కనబడితే వెనక ఇంకేదో ఉందా అన్న అనుమానం వస్తుంది. 2009లో మానీ రామిరెజ్‌కు 50 ఆటలు పడింది కూడా దీనికే. అయితే కొన్ని వృషణ కణితుల వల్ల మగవాళ్లలో హెచ్‌సీజీ సహజంగానే పెరుగుతుంది కాబట్టి అది కాదని తేల్చుకోవడం తప్పనిసరి. ఆడవాళ్లకు ఇది నిషేధం కాదు.

ఫ్యూరోసెమైడ్ మనకు లాసిక్స్ పేరుతో తెలుసు. కాళ్లవాపు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ల డబ్బాలో ఉంటుంది. బలం ఇవ్వదు. మూత్రం ఎక్కువగా పోయించి పలచన చేస్తుంది, వేరే మందు జాడ దొరకకుండా కప్పుతుంది. 2018లో కనో మొదటి వేటు దీనిమీదే. స్టానజొలాల్, బోల్డెనోన్, నాండ్రొలోన్ అయితే తెలియక తిన్నానని నమ్మించడం కష్టం, అవి పక్కా కండ పెంచే స్టెరాయిడ్లు. నాండ్రొలోన్ నూనె ఇంజెక్షన్ జాడ నెలల తరబడి మూత్రంలో ఉంటుంది. టెస్టోస్టెరాన్ శరీరంలో ఎలాగూ ఉంటుంది కదా, ఎట్లా పడతారు? దాన్ని ఎపిటెస్టోస్టెరాన్ అనే తోటి పదార్థంతో పోలుస్తారు. నిష్పత్తి 4 దాటితే అనుమానం. అప్పుడు కార్బన్ ఐసోటోప్ పరీక్ష చేస్తారు. ఫ్యాక్టరీ టెస్టోస్టెరాన్‌ను సోయా లాంటి మొక్కల నుంచి తీస్తారు, అందులో కార్బన్ పాళ్లు మనిషి ఒంట్లో తయారైన దానికన్నా తేడాగా ఉంటాయి. అక్కడ దొరికిపోతారు.

తాతీస్ కేసులో క్లోస్టెబాల్ దగ్గర మన మెడికల్ షాపుల ముచ్చట వస్తుంది. అతను చెప్పిన కారణం: తామరకు వాడిన మందులో అది ఉంది. క్లోస్టెబాల్ కలిసిన పూత మందులు ఇటలీలో, కొన్ని లాటిన్ అమెరికా దేశాల్లో దొరుకుతాయి. టెన్నిస్‌లో యానిక్ సిన్నర్ దొరికింది కూడా క్లోస్టెబాల్ ఉన్న స్ప్రే వల్లే. మన దగ్గర తామరకు చీటీ లేకుండా ఇచ్చే ట్యూబుల్లో ఎక్కువగా ఉండేది క్లోబెటసాల్ లేదా బీటామెథాసోన్. పేరు దగ్గరగా ఉన్నా క్లోబెటసాల్ వేరే జాతి, అది కండ పెంచదు. వాడా నియమాల్లో చర్మం మీద రాసుకునే ఈ రకం స్టెరాయిడ్‌కు నిషేధం లేదు. అదే జాతి మందును మాత్రగా మింగినా, ఇంజెక్షన్‌గా తీసుకున్నా పోటీ సమయంలో నిషేధం. కాబట్టి హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ప్రాక్టీస్ చేసే పిల్లలు క్లోబెటసాల్ ట్యూబ్ చూసి డోపింగ్ అని భయపడనక్కర్లేదు. భయపడాల్సింది ఇంకోదానికి: తామర మీద ఆ ట్యూబ్ రాస్తే రెండు రోజులు దురద తగ్గి, తర్వాత రెట్టింపు పాకుతుంది. చర్మం డాక్టర్ దగ్గరికి పోవడమే దారి.

అసలు ప్రమాదం దగ్గు మందుతో. క్రికెటర్ పృథ్వీ షాకు 2019లో ఎనిమిది నెలల వేటు పడింది టెర్బుటలిన్ అనే నిషేధిత మందుతో. కఫం కరిగించే సిరప్‌లలో బ్రోమ్‌హెక్సిన్, గ్వైఫెనెసిన్ పక్కన అది మామూలుగా ఉంటుంది. సీసా వెనక చిన్న అక్షరాల్లో "కాంపోజిషన్" అని ఉన్న చోట ఒక్కొక్క పేరూ చదవాలి, ముందు భాగంలో ఉన్న బ్రాండ్ పేరు ఏమీ చెప్పదు. ఒకే బ్రాండ్‌లో చివర రెండు అక్షరాలు మారితే లోపలి మందు మారుతుంది, షాపులో ఆ స్టాకు లేకపోతే "ఇదీ అదే" అని ఇంకోటి చేతిలో పెడతారు. ఆస్తమా ఉన్నవాళ్లకు సాల్బుటమాల్ ఇన్హేలర్ ఫర్వాలేదు, 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకుండా. మామూలు ఇన్హేలర్ ఒక పీల్పుకు 100 మైక్రోగ్రాములు, కాబట్టి 8 గంటల్లో ఆరు పీల్పులు. అదే సాల్బుటమాల్‌ను సిరప్‌గానో మాత్రగానో తీసుకుంటే దొరికినట్టే. నాడా (మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ల 'నో యువర్ మెడిసిన్' (Know Your Medicine) యాప్‌లో మందు పేరు కొట్టి చూసుకోవచ్చు. బ్రాండ్ దొరక్కపోతే లోపలి మందుల పేర్లు ఒక్కొక్కటిగా కొట్టాలి.

ప్రొటీన్ డబ్బాల సంగతి ఇంకా చిక్కు. డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉంటే అది ఆహార లైసెన్సు, డోపింగ్ పరీక్ష కాదు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లకు ఎన్‌ఎస్‌ఎఫ్ ముద్ర ఉన్న సప్లిమెంట్లే వాడమని చెబుతారు. అందులో బ్యాచ్‌లవారీగా నిషేధిత మందుల కోసం పరీక్ష ఉంటుంది. ప్రీ వర్కౌట్ పొడులు మరీ ప్రమాదం: "మొక్కల సారం" అన్న మాట కింద హిజెనమిన్ లాంటి నిషేధిత పదార్థాలు దాక్కుంటాయి. జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ 21 నెలలు కోల్పోయింది హిజెనమిన్‌తోనే. కొన్న డబ్బాలో ఒక చెంచా పొడి, బ్యాచ్ నంబర్ కనబడే ఫొటో, బిల్లు దాచిపెట్టుకుంటే రేపు కల్తీ అని వాదించడానికి ఆధారం ఉంటుంది. జిమ్ కోచ్ విడిగా కవరులో పోసి ఇచ్చే పొడికి ఆ ఆధారం కూడా ఉండదు, అది ముట్టుకోకపోవడమే మేలు.

ఇవన్నీ పెద్దవాళ్లకే అనుకోవద్దు. 2023లో 5 వేలకు పైగా నమూనాలు పరీక్షించిన దేశాల్లో పాజిటివ్ శాతం మన దేశానిదే ఎక్కువ: 5,606 నమూనాల్లో 3.8 శాతం. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా వాళ్లు వస్తే 100 మీటర్ల ఫైనల్‌లో ఒక్కడే నిలబడ్డాడు, మిగిలినవాళ్లు కనబడలేదు. హనుమకొండ స్టేడియంలో 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది. అంత స్థాయి పోటీకి పోయే ఏ జిల్లా పిల్లవాడినైనా సీసా పట్టుకుని రమ్మనవచ్చు.

రమ్మన్నప్పుడు ఏం చేయాలో తెలియక పారిపోయేవాళ్లున్నారు, అది అన్నింటికన్నా చెడ్డది. నమూనా ఇవ్వకపోతే మందు దొరికినట్టే లెక్క, శిక్ష నాలుగేండ్ల దాకా. అధికారి గుర్తింపు కార్డు అడిగి చూడండి. పిలిచిన క్షణం నుంచి వాళ్ల మనిషి పక్కనే ఉంటాడు. 18 ఏండ్ల లోపు వాళ్లు వెంట ఒక పెద్దమనిషిని తీసుకుపోవచ్చు. సీలు వేసిన కిట్లలో మీకు నచ్చినది మీరే ఎంచుకోవాలి. కనీసం 90 మిల్లీలీటర్లు ఇవ్వాలి, ఏ సీసాలో 60, బీ సీసాలో 30, మీ చేత్తో మీరే పోసి మూత బిగించాలి. భయంతో ముందే లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే మూత్రం పలచనై పనికిరాదంటారు, ఇంకోసారి, మరోసారి ఇవ్వాలి, రాత్రి రైలు తప్పుతుంది. సీసా మీది నంబరూ కాగితం మీది నంబరూ ఒకటేనా అని అంకె అంకె చదివి చూశాకే సంతకం. గత వారం వాడిన ప్రతి మందూ, ప్రతి పొడీ ఫారంలో రాయాలి.

ఈ కాగితాల పని ఎంత విలువైనదో తెలియాలంటే మిల్వాకీ జట్టు బేస్‌బాల్ ఆటగాడు రయాన్ బ్రాన్ కేసు చూడాలి. 2011 అక్టోబర్ 1, శనివారం, ప్లేఆఫ్ ఆట తర్వాత మిల్వాకీలో అతని నమూనా తీసుకున్నారు. తీసుకున్న వ్యక్తి సోమవారం దాకా కొరియర్ పోదనుకుని సీసాలను ఇంట్లో పెట్టుకున్నాడు, దాదాపు 44 గంటలు. మాంట్రియల్ ల్యాబ్‌లో టెస్టోస్టెరాన్ ఎక్కువగా తేలింది. సీలు చెక్కుచెదరలేదు. అయినా నమూనాను అదే రోజు పంపాలన్న నిబంధన తప్పారు కాబట్టి మధ్యవర్తి శ్యామ్ దాస్ 2012 ఫిబ్రవరిలో వేటు కొట్టేశారు. కొన్ని నెలలకు లీగ్ ఆయన్ని తీసేసింది. 2013లో ఆటగాళ్లకు నిషేధిత మందులు అందించిన బయోజెనెసిస్ క్లినిక్ బండారం బయటపడ్డాక అదే బ్రాన్ 65 ఆటల వేటు ఒప్పుకున్నాడు, మందు వాడానన్నాడు. అప్పటిదాకా అతని పక్షాన కొట్లాడిన మిల్వాకీ అభిమానుల మొహాలు ఏమయ్యాయో వేరే చెప్పక్కర్లేదు. ఆ క్లినిక్ కేసులోనే అలెక్స్ రోడ్రిగెజ్‌కు 211 ఆటలు వేసి, తర్వాత 162కు తగ్గించారు.

నిజంగా జబ్బు ఉండి నిషేధిత మందు తప్పనివాళ్లకు దారి ఉంది, దాన్ని టీయూఈ (చికిత్స కోసం ఇచ్చే మినహాయింపు) అంటారు. ఎంజీఎం ఆసుపత్రిలోనో ప్రైవేటులోనో స్పెషలిస్టు రాసిన చీటీ ఒక్కటే సరిపోదు. జబ్బు ఎప్పటి నుంచి ఉందో చెప్పే రిపోర్టులు, మందు మోతాదు, ఎన్ని రోజులు, నిషేధం లేని వేరే మందు ఎందుకు పనిచేయలేదో డాక్టర్ రాసిన వివరణ, అన్నీ కలిపి పోటీకి కనీసం 30 రోజుల ముందు నాడాకు పంపాలి. ఆస్తమా అయితే స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) రిపోర్టు కూడా పెట్టాలి.